ముందు పేరు, తర్వాత జైలు

ఆ రోజు పొద్దున అతను కింది అంతస్తు ముసలావిడ కుర్చీకి కొత్త రెక్సిన్ బిగించాడు. చిన్న మేకులు నాలుగైదు పెదాల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొట్టడం అతని పద్ధతి. అవి నోట్లో ఉన్నంతసేపూ ఎవరేం అడిగినా ‘ఊ’, ‘ఊహూ’ తప్ప జవాబుండదు. పైన వంటగదిలో ఉన్న అతని భార్యకు సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. చప్పుడు ఆగాక అతను ఆ కుర్చీలో తనే ఓసారి కూర్చుని చూసి, “ఇక మీరు దీని మీద గంతులేసినా ఏం కాదు పిన్నిగారూ” అన్నాడు. పైకి వచ్చి, చేతులు కడుక్కుని, కాస్త నడుం వాలుస్తానన్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి, ఆమె పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక సోఫా చేతుల్ని నిమిరేవారు. ఆ సోఫా కూడా అతను కుట్టిందే. అతను ఒకప్పుడు జైల్లో ఉన్న సంగతి వాళ్ళందరికీ తెలుసు. అతనే చెప్పేవాడు. అదే సంగతి ఆమెకు మాత్రం పెళ్ళయిన చాన్నాళ్ళకు, అతని నోట కాక ఓ అధికారి నోట తెలిసిందని వాళ్ళకు తెలియదు.

వాళ్ళు కాపురమున్న ఆ పరాయి దేశానికి అతను కుర్రతనంలోనే వెళ్ళాడు. ఫర్నిచర్ గోడౌన్లో బరువులు మోసే పని. అక్కడి మేస్త్రీ ఒకరోజు అతనితో జంటగా మోసే జోడీదారుణ్ణి అందరి ముందూ తల్లిని కలిపి తిట్టాడు. జోడీదారు తల దించుకున్నాడు. ఇతను మాత్రం చేతికందిన కుర్చీ కోడు తీసి మేస్త్రీ మొహం మీద కొట్టాడు. దవడ ఎముక విరిగింది. కోర్టులో “కొట్టావా?” అని అడిగితే “కొట్టాను” అన్నాడు. ఏడాదికి కాస్త తక్కువ జైలుశిక్ష పడింది. బయటికి వచ్చాక ఎవరూ పనివ్వలేదు. చివరికి సోఫాలు బాగుచేసే దుకాణం పెద్దాయన, “నా దగ్గర కొట్టడానికి మేకులు బోలెడున్నాయి, వాటిని కొట్టుకో” అని చేర్చుకున్నాడు. అతను ఆ దుకాణం మళ్ళీ వదల్లేదు.

సెలవు మీద సొంత ఊరు వచ్చినప్పుడు సంబంధం కుదిరింది. అమ్మాయి మందుల షాపులో పనిచేసేది. తండ్రి లేడు, అన్నయ్యే అన్నీ. పెళ్ళికి ముందు జైలు సంగతి అతను అన్నయ్యకు దాచకుండా చెప్పాడు. అన్నయ్య కాసేపు ఆలోచించి, “నిజం చెప్పావు, చాలు. మా చెల్లికి నేను చెప్తాలే” అన్నాడు. ఆడపిల్ల తరఫు పెద్దకు చెప్పడమంటే ఆడపిల్లకు చెప్పడమే అనుకునే కుటుంబాలు రెండూను. అన్నయ్య చెప్పలేదు. పిల్ల బెదిరిపోతుందని, మంచి సంబంధం చెయ్యి జారుతుందని, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ పెళ్ళి చేసేశాడు.

పెళ్ళయ్యాక మూడు వారాలు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. తెలిసి కూడా ఒక్క ప్రశ్న అడగలేదంటే ఎంత పెద్ద మనసో అనుకున్నాడతను. ఆ తలపుకే కళ్ళు చెమర్చేవట. ఎందుకో తెలియని ఆమె, ఈయనకు సోఫాను చూసినా కళ్ళు చెమరుస్తాయేమో అనుకుని నవ్వుకునేది.

అతను తిరిగి వెళ్ళి, భార్యను స్పాన్సర్ చేసి తన దగ్గరికి రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. కాగితాలు నింపే ఏజెంటు, శిక్ష గురించిన ప్రశ్న దగ్గర కలం ఆపి, “పాత కేసు కదా, ఖాళీగా వదిలేద్దాం. ఎవడు తవ్వుతాడు?” అన్నాడు.

“అడిగారుగా. రాయండి.”

“రాస్తే నీ భార్య రాదు నాయనా.”

“దాచి తెచ్చుకున్నాక పంపేస్తే? రాయండి.”

ఏజెంటు విసుక్కుంటూనే రాశాడు. నెలలు గడిచాక ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆమె పెళ్ళి ఫొటోలు వరసగా పేర్చుకుని వెళ్ళింది. అద్దం అవతల కూర్చున్న అధికారి ఫొటోలు చూడనే లేదు. “మీ భర్త ఎవర్ని కొట్టి జైలుకు వెళ్ళారు?” అని అడిగాడు, బస్సెక్కడ ఆగుతుందో అడిగినంత మామూలుగా.

పొరపాటున వేరే వాళ్ళ కాగితాలు చూస్తున్నాడేమో అనుకుందామె. “మా ఆయన జైలుకెళ్ళలేదండీ” అంది.

దరఖాస్తు తిరస్కరించారు. భర్త చేసిన నేరమే తెలియని భార్యది అసలు కాపురమేనా అన్నది వాళ్ళ అనుమానం. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసేసరికి అతను దుకాణంలో ఉన్నాడు.

“మీరు జైల్లో ఉన్నారా?”

“అదేంటి... నీకు తెలుసుగా. మీ అన్నయ్యకు అంతా చెప్పాను.”

“నేను మా అన్నయ్యను పెళ్ళాడలేదండీ.”

అవతల సుత్తి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమే అంది: “ఇప్పుడు చెప్పండి. మొదటి నుంచీ. నేను మధ్యలో అడ్డం రాను.”

చెప్పాడు. కోడు ఎంత పొడవుందో, దవడ విరిగిన చప్పుడు ఎలా వినిపించిందో, జైల్లో మొదటి వారం తిండి ఎందుకు సహించలేదో అన్నీ చెప్పాడు. తప్పు జోడీదారు మీదికి గానీ, మేస్త్రీ నోటి మీదికి గానీ తొయ్యలేదు. అంతా విన్నాక ఆమె ఒకటే అడిగింది. “ఇప్పుడు కోపం వస్తే ఏం చేస్తారు?”

“పాత సోఫాల గుడ్డ చింపుతాను. నాకు కోపం వచ్చిన రోజున పెద్దాయనకు పని తొందరగా తెములుతుంది.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండి ఫోన్ పెట్టేసింది.

అన్నయ్య మాత్రం, “పోనీలే చెల్లీ, వీసా రాకపోవడమే మంచిదైంది. ఇక్కడితో వదిలేద్దాం” అన్నాడు.

“ఆయన నీకు చెప్పాడు. నువ్వు నాకు చెప్పలేదు. మీ ఇద్దర్లో ఒకర్ని వదిలెయ్యాలంటే ఎవర్ని వదలమంటావు అన్నయ్యా?”

అన్నయ్య సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. వదిన, తననెవరో పిలిచినట్టు లేచి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆమె పట్టు పట్టింది. మందుల షాపులో మధ్యాహ్నం జనం పల్చబడ్డాక రోజూ ఫోన్ చేసి అతణ్ణి అడిగేది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఆ తర్వాత ఏమిటి. అతను ఓపిగ్గా చెప్పేవాడు. ఒక్కోసారి ‘ఊ’ అని మాత్రమే వినిపిస్తే, “ముందు ఆ మేకులు ఉమ్మెయ్యండి” అనేది. అతను మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమని అడిగి వచ్చానని చెప్పినప్పుడు, “క్షమించాడా?” అంది. “లేదు. టీ మాత్రం ఇచ్చాడు” అన్నాడు.

రెండోసారి దరఖాస్తు పెట్టారు. అతను మారిన మనిషేనని దుకాణం పెద్దాయన అధికారుల ముందుకు స్వయంగా వెళ్ళి చెప్పివచ్చాడు. ఈసారి ఆమెను ప్రశ్నించింది ఓ నడివయసు అధికారిణి.

“మీ భర్త నేరం గురించి మీకేం తెలుసు?”

ఆమె మొత్తం చెప్పింది. ఎడమ దవడ అనీ, ఆ మనిషి ఇప్పటికీ గట్టివి నమలలేడనీ కూడా చెప్పింది. అధికారిణి రాయడం ఆపి, “మీకు భయం లేదా?” అంది.

“ఉండేదండీ. అడగాల్సినవన్నీ అడిగాను. ఇప్పుడు లేదు.”

“మళ్ళీ తిరస్కరిస్తే?”

“మళ్ళీ పెడతాం. నేను ఇలాగే వచ్చి ఇదే చెప్తాను.”

వీసా రావడానికి ఇంకో ఏడాది దాటింది. వచ్చింది.

ఆ తిరస్కారం దెబ్బకు అతనికో అలవాటు పట్టుకుంది. తన జైలు సంగతి ఇంకెవరి నోటికీ వదలకూడదని, కొత్తగా ఎవరు కనిపించినా తనే చెప్పేసేవాడు. ఇల్లు అద్దెకు చూడబోతే గుమ్మంలోనే మొదలుపెట్టేవాడు. ఇంటి యజమాని తాళం తీస్తూ తీస్తూ మళ్ళీ వేసేసేవాడు. అలా మూడిళ్ళు పోయాక ఆమె తల పట్టుకుంది.

“కనీసం లోపలికి వెళ్ళి కూర్చున్నాక చెప్పండి మహానుభావా.”

“కూర్చున్నాక లేపితే బాగుండదుగా.”

“అయితే ముందు పేరు చెప్పండి, తర్వాత జైలు.”

అప్పట్నుంచీ అదే వరస పాటించాడు. నాలుగో ఇంటి యజమానురాలే కింది అంతస్తు ముసలావిడ. పేరు విన్నది, జైలు విన్నది, “సోఫాలు బాగా కుడతావా?” అని అడిగి తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ ఇంట్లోనే వాళ్ళ కాపురమంతా గడిచింది. పోట్లాడుకున్నారు, అలిగారు, సోఫా గుడ్డలు చిరిగాయి. దాచుకున్న మాటంటూ ఇద్దరి మధ్యా లేదని ఆమె నమ్మకం.

కర్మకాండ అయ్యాక దుకాణం పెద్దాయన వచ్చాడు. కర్ర పక్కన పెట్టి మెల్లగా కూర్చున్నాడు. లోపలి గదిలో, కర్మకు ఊరి నుంచి వచ్చిన అన్నయ్య తిరుగు ప్రయాణానికి బట్టలు సర్దుకుంటున్నాడు. పెద్దాయన అతన్ని తలుపు సందులోంచి చూసి గొంతు తగ్గించాడు.

“ఈయనేనా అమ్మాయ్, మీ అన్నయ్య?”

“అవును బాబాయిగారూ.”

“మీ సంబంధం కుదిరినప్పుడు మావాడు నాకు ఫోన్ చేశాడు. జైలు సంగతి నీకు ఎలా చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అని ఒకటే గోల. నేనూ ఏదో చెప్పాను. నీతో మాట్లాడతానని మీ అన్నయ్యను రెండుసార్లు అడిగాడట. పెళ్ళికి ముందు పిల్లతో మాటలేంటి, నేను చెప్తానన్నానుగా అని ఆయన కసిరాడట. ఈ మాట చెబితే నీకు అన్నయ్య కూడా లేకుండా పోతాడని అప్పట్లో అనేవాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడో నీకు చెప్పే ఉంటాడులే.”

చెప్పలేదు.