కుక్కపిల్లకు బుద్ధి నేర్పబోయిన పెద్దాయన

కొన్నేళ్ల కిందటి మాట. భువనగిరి బస్సు కోసం నల్గొండ బస్టాండులో కూర్చున్నాను. వెంట కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల ఉంది. బుట్టలోంచి దింపానో లేదో బెంచీ కిందనే తడిపేసింది. ఇంట్లోనూ ఇదే తంతు. బయట ఎంతసేపు తిప్పినా లోపలికి వచ్చాకే ఆ పని కానిచ్చేది.

తుడవడానికి గుడ్డ కోసం సంచీ వెతుకుతున్నాను. ఇంతలో పక్కన కూర్చున్న పెద్దాయన వంగి, దాని మెడ పట్టుకుని, మూతిని ఆ తడిలో పెట్టి రుద్దాడు. అది కీచుమని ఏడ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చేతిని విసురుగా తోసేశాను.

"ఏం మనిషివయ్యా నువ్వు? పసికూనను గట్ల రుద్దుతవా?" అని అరిచాను. బస్టాండంతా మా వైపు తిరిగింది.

"గింత కోపమెందుకు బిడ్డా? గిట్ల జేస్తెనే బుద్ధొస్తది. చిన్నప్పుడు నేను పక్క తడిపితే మా నాయిన నా మొఖం గిట్లనే రుద్దిండు," అన్నాడాయన నవ్వుతూ.

"మరి వచ్చిందా బుద్ధి?" అని గద్దించాను.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"లేదు బిడ్డా. పెండ్లీడు దాక తడుపుతనే ఉన్న," అన్నాడు మెల్లగా.

బస్సు వచ్చింది. కుక్కపిల్లను గుండెకు అదుముకుని ఎక్కాను. కోపం తగ్గలేదు. భువనగిరి వచ్చేదాకా, ఎన్నడూ చూడని ఆ తండ్రిని తిట్టుకుంటూనే కూర్చున్నాను.