ప్రార్థనలో హుసేనప్ప

పోయిన పీర్ల పండుగ రోజుల్లో ఏదో పని మీద ఆదోని వెళ్ళాను. బస్టాండు నుంచి నడిచి వస్తుంటే ఒక సందు మొదట్లో నలుగురు మనుషులు ఎండుగడ్డి అంటించి తప్పెటలు కాస్తున్నారు. సెగకు తోలు బిగుసుకుంటేనే తప్పెట బాగా పలుకుతుంది. ఆ కాగే తోలుకు ఒక వాసన ఉంటుంది, కొంచెం మాడినట్టు, కొంచెం ఉప్పగా. అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను అక్కడే నిలబడిపోయాను. మా నాన్న చేతులకు, ఆయన కప్పుకునే దుప్పటికి కూడా అదే వాసన ఉండేది. పోయిన తండ్రి గుర్తుకొస్తే ఎవరికైనా ఏడుపు రావాలి, లేదంటే ఆయన చేసిన తమాషాలు తలుచుకుని నవ్వు రావాలి. నాకు మాత్రం ఆ వెంటనే సుగుణమ్మ టీచర్ గుర్తుకొస్తుంది. ఆమెకు తప్పెట అంటే గిట్టేది కాదు. అయినా ఆ ఇద్దరూ నాకు ఎప్పుడూ విడివిడిగా గుర్తుకు రారు.

డెబ్బైలలో ఆదోనిలో మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది. నేను అందులో ఉండి చదువుకున్నాను. సుగుణమ్మ టీచర్ మా వార్డెను, బడిలో లెక్కలు కూడా ఆమే చెప్పేది. మా జిల్లాలోనే గూడూరు వైపు మనిషి, పెళ్ళి చేసుకోలేదు. గంజి పెట్టిన తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు, నడుస్తుంటే ముందుగా చెప్పుల చప్పుడే వినిపించేది. ఆ చప్పుడుకే మేము సగం అల్లరి మానుకునేవాళ్ళం. ఆమెకు ఒక విషయంలో ఏ అనుమానమూ లేదు. రక్షణకు దారి ఒక్కటే, అది యేసుప్రభువు. ఒకసారి ఒక పిల్ల ఎక్కడో విన్న మాట తెచ్చి ఆమె ముందు పెట్టింది, కొండకు నాలుగు పక్కలా మెట్లు ఉంటాయి, ఎటు నుంచి పోయినా పైకే చేరతాం కదా అని. "నువ్వు ఆ కొండెక్కినావా?" అని అడిగింది టీచర్. "లేదు టీచరమ్మా." "నీకు సెప్పిన ఆయప్ప ఎక్కినాడా?" "తెల్దు." "అయితే ఇద్దరూ పోయి సూసి రాండి, ఆ మీద మాట్లాడదాం. ఇప్పుడు పలక తియ్యి." అంతటితో ఆ చర్చ ముగిసింది. ఆ పిల్ల మళ్ళీ కొండ మాట ఎత్తలేదు.

సాయంత్రం ప్రార్థనలో మాకొక అలవాటు ఉండేది. ఇంట్లో ఇంకా బాప్తిస్మం తీసుకోని వాళ్ళ పేర్లు ఎవరికి వాళ్ళం టీచరుకు చెప్పుకోవాలి. ఆమె కళ్ళు మూసుకుని ఆ పేర్లన్నీ ఒక్కటీ తప్పకుండా దేవుడికి చెప్పేది. మా ఇంట్లో అమ్మా నేనూ బాప్తిస్మం తీసుకున్నాం, నాన్న తీసుకోలేదు. నాన్న పేరు హుసేనప్ప. మేము ముస్లింలం కాదు. మా పక్క పీరుకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు, ఆ ఇల్లు ఎవరిదైనా, పీరు పేరే పెడతారు. యేసు నామంలో హుసేనప్ప కోసం అడుగుతుంటే కొత్తగా చేరిన పిల్లలు నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. "నవ్వేదేముంది? ఆయప్పను ఆయప్ప పేరుతోనే పిలవాల గదా, లేకుంటే దేవునికి ఎవురని తెలిసేది?" అని కసిరేది టీచర్. ఆ ప్రార్థనకు ఒక హద్దు కూడా ఉండేది. పేరున్న మనిషి బాప్తిస్మం లేకుండా చనిపోతే, ఆ రోజు నుంచి ఆ పేరు ఆగిపోయేది. సంతోషమ్మ అనే పిల్ల తాత పోయినప్పుడు టీచర్ దాన్ని దగ్గరకు తీసుకుని, "ఇంక అడిగేదానికి లేదు తల్లీ. అడిగేదంతా బతికుండంగానే" అంది. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మా బోధలో లేదు. పేరు ఆగిపోయిందంటే ఆ మనిషికి ఇక రక్షణ లేనట్టేనని మా అందరికీ తెలుసు. అప్పటి నుంచి రోజూ ప్రార్థనలో నాన్న పేరు వినిపించేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు.

ఒక దసరా సెలవుల చివర్లో టీచర్ నన్ను తీసుకుపోవడానికి మా ఊరు ఎమ్మిగనూరు వచ్చింది. నాన్నతో మాట్లాడాలని ఆమె పట్టుదల. మా వాడ ఊరికి చివర ఉండేది. నాన్న పత్తి మార్కెట్లో మూటలు మోసేవాడు, కానీ ఎవరైనా పేరు అడిగితే తప్పెట హుసేనప్ప అనే చెప్పుకునేవాడు. పీర్లు లేచినప్పుడు ముందు నడిచేది ఆయనే. ఊళ్ళో ఒక పెద్దమనిషి ప్రతి పండుగకూ మైకు పట్టుకుని అన్ని మతాలూ ఒక్కటేనని చెప్పేవాడు, చప్పట్లు కొట్టించుకునేవాడు. ఆయన ఇంటి ముందు మా నాన్న దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. ఆ పెద్దమనిషి మా వాడ వైపు ఒక్కనాడూ రాలేదు. దారి ఒక్కటేనని చెప్పే మనిషి మాత్రం వచ్చి, మా నులక మంచం మీద కూర్చుని, అమ్మ చేసిన జొన్నరొట్టె శెనక్కాయల చట్నీతో తిని, ఇంకో ముక్క అడిగి పెట్టించుకుంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో మాత్రం సరిగ్గా తేల్చుకోలేను.

"నాకు ఏసుసామి మీద కోపమేం లేదమ్మా. మంచాయప్పే" అన్నాడు నాన్న. "బాప్తిస్మమని నీళ్ళల్లో మునిగితే తప్పెట ముట్టగూడదంటారంట గదా?"

"పీర్ల ముందర, జాతర్లో కొట్టగూడదప్పా. నీ కాడ దాసి పెట్టేదేముంది."

"సరే, ఇడిసిపెడతాననుకో. మా నాయన యాడుండాడు ఇప్పుడు?"

టీచర్ నీళ్ళ చెంబు చేతిలోకి తీసుకుంది.

"ఆయప్ప బతికినన్నాళ్ళూ మా వాడకు ఏసుసామి పేరు సెప్పేటోళ్ళే రాలేదు. వచ్చింటే ఇనేటోడేమో. నాకు తప్పెట నేర్పినాడు, కరువులో తను పస్తుండి నాకు పెట్టినాడు. ఆయప్ప లేని తావుకు నేనొగన్నే పోయి ఏం సేసేదమ్మా?"

టీచర్ చెంబు కింద పెట్టింది. "నేనైతే నీ కోసం అడుగుతానే ఉంటానప్పా" అంది. నాన్న నవ్వి, "అడుగమ్మా. నువ్వడిగితే కాదనేదెవురు" అన్నాడు. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటకు చూస్తూ ఉండిపోయింది. ఆదోని దగ్గర పడుతుండగా, "మీ నాయన అడిగిన దాంట్లో తప్పు లేదు రూతూ. నా కాడ జవాబు లేదు" అంది. లెక్కల టీచరు నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

నేను పదో తరగతిలో ఉండగా నాన్నకు కామెర్లు వచ్చాయి. ఆకు పసరు పోశారు, తర్వాత ఆసుపత్రికి తీసుకుపోయారు, అప్పటికే ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి ఆయన లేడు. సంఘం సమాధుల తోటలో బాప్తిస్మం లేనివాళ్ళకు చోటు ఇవ్వరు. అమ్మ అడగనూ లేదు. మా వాడ వాళ్ళు ఆయన్ను మా తాత సమాధి పక్కనే పెట్టాలని తీర్మానించుకున్నారు. తోటి తప్పెటగాళ్ళు దారి పొడుగునా వాయించారు. సుగుణమ్మ టీచర్ వచ్చింది. తప్పెట వినబడితే కిటికీలు మూయించే మనిషి ఆ తప్పెటల వెనకే, దుమ్ములో, వాడ దాటేదాకా నడిచింది. సాయంత్రం ఇంటి ముందు నేను ఆమె చెయ్యి పట్టుకుని అడిగాను, "మా నాయన యాడికి పోయినాడు టీచరమ్మా?" ఆమె నోరు తెరిచింది. జవాబు ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మాకు కంఠతా పట్టించింది ఆమే. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి బయటకు రాలేదు. "ఇప్పుడు అడగొద్దు తల్లీ" అని చెయ్యి విడిపించుకుంది. నాకు కోపం వచ్చింది. ఉన్నమాట చెప్పనందుకు కోపం, అబద్ధమైనా ఆడనందుకు ఇంకా కోపం.

హాస్టలుకు తిరిగి వెళ్ళిన రోజు సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. ఆగిపోయిన చోటును ఎలా తట్టుకోవాలా అని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. టీచర్ పేర్లు చెప్పుకుంటూ వచ్చింది. మా నాన్న వంతు వచ్చింది. "ఎమ్మిగనూరు హుసేనప్ప" అంది, ఎప్పటిలాగే, గొంతు ఏమీ మారకుండా. పిల్లలు కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. పాపం, టీచరమ్మ అలవాటులో మరిచిపోయింది అనుకున్నారు. ఆమె మరిచిపోయే మనిషి కాదని నాకు తెలుసు. మర్నాడూ చెప్పింది. ఆ తర్వాతా చెప్పింది. సంతోషమ్మ ఒక్కతే నా వైపు చూడడం మానేసింది, దాని తాత పేరు ఆగిపోయిందిగా. దానికి ఏం చెప్పాలో నాకూ తెలియలేదు.

సంగతి పాస్టరు అయ్యగారి దాకా పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఒక సాయంత్రం వరండాలో మా అందరి ముందే నెమ్మదిగా అడిగాడు. "పోయినోళ్ళ కోసం అడగడం మన బోధలో లేదు గదమ్మా?"

"లేదయ్యగారూ. నాకు తెలుసు."

"మరి?"

"ఆపుదామనే సూస్తాండా. ఆ తావుకు వచ్చేతలికి నోరు ఆగడం లేదు."

"పిల్లలు తప్పు నేర్సుకుంటారు."

"అయితే పిల్లల ముందర పలకనులెండి" అంది టీచర్.

మాట నిలబెట్టుకుంది. ఆ రోజు నుంచి నాన్న పేరు దగ్గరకు వచ్చేసరికి ఆగేది. ఒక మనిషి పేరు పలకడానికి పట్టేంతసేపు ఊరుకుని, తర్వాతి పేరుకు పోయేది. కొన్నాళ్ళకు ఇంకో మార్పు వచ్చింది. రెండు చోట్ల ఆగడం మొదలుపెట్టింది. ఒకప్పుడు తాత పేరు వచ్చిన రెండో చోట సంతోషమ్మ గట్టిగా నా చెయ్యి పట్టుకుంది.

నేను ఆస్పరిలో టీచరు ఉద్యోగంలో చేరాక, ఎనభైల చివర్లో, ఆమెను చూడడానికి గూడూరు వెళ్ళాను. రిటైరై తమ్ముడి ఇంట్లో ఉంటోంది. మనిషి బాగా చిక్కింది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, నా బడి సంగతులు, నా జీతం, నా పెళ్ళి, అన్నీ ఆరా తీసింది. నేను ఆగలేకపోయాను. "టీచరమ్మా, ఇప్పుడైనా సెప్పండి. దారి ఒకటేనా?"

"ఒకటే" అంది వెంటనే.

"మరి మా నాయన?"

"దినామూ అడుగుతాండా."

"అడిగేదానికి లేదని మీరే గదా నేర్పింది?"

"నేర్పినా. ఇప్పుడు అడిగినా అదే నేర్పుతా."

"మరి ఎందుకు అడుగుతాండారు? ఈ వయసులోనన్నా నెమ్మదిగా ఉండొచ్చు గదా?"

ఆమెకు కోపం వచ్చింది. దిండు వదిలి ముందుకు వంగింది. "నెమ్మది కావాలంటే రెండు మాటలుండాయి నాకు. హుసేనప్ప పోయినాడులే అని ఊరుకునేది ఒకటి. అన్ని దార్లూ ఒకటేలే అని ఊరుకునేది ఇంకొకటి. రెండూ నా సేత గాలేదు. ఊరుకునేదే నా సేత గాలేదు రూతూ." తర్వాత ఆయాసం వచ్చి పడుకుంది. నేను విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. నాకు ఆమె ఇచ్చిపోయింది నమ్మకమా అంటే అవునని చెప్పలేను, అనుమానమా అంటే అదీ కాదు. చర్చిలో ఎవరైనా బయటివాళ్ళంతా నాశనమేనని తేలిగ్గా ప్రసంగిస్తే లేచి బయటకు పోవాలనిపిస్తుంది. స్టాఫ్ రూములో ఎవరైనా అన్నీ ఒకటేనండీ అని అంతే తేలిగ్గా తేల్చేసి టీ తాగుతుంటే, నాకు టీ సయించదు. ఇద్దరిలో ఎవరితోనూ వాదించను. వాళ్ళు ఊరుకోగలరు, నేను ఊరుకోలేను, అంతే తేడా. రోజూ ప్రార్థనలో నాన్న పేరు చెబుతాను, ఆ తర్వాత సుగుణమ్మ టీచర్ పేరు చెబుతాను. ఆమె రక్షణ పొందిన మనిషి, ఆమె కోసం నేను అడగాల్సిందేమీ లేదు. అందరూ పోయినవాళ్ళకు విశ్రాంతి ఇవ్వమని అడుగుతారు. నేను ఆమెకు విశ్రాంతి అడగను. పరలోకంలో మా నాన్న కనబడేదాకా ఆమెను కూర్చోనివ్వొద్దని అడుగుతాను.