ఎడం పక్క బోర్డులు

గరివిడిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డుకి ప్లగ్గులూ స్విచ్చులూ ఎక్కడెక్కడ రావాలో గోడ మీద సుద్దముక్కతో గీసింది నేనే. గీయడం తప్పని ఎవరైనా అంటే ఇప్పటికీ ఊరుకోను.

మా ఆయన నా మేనత్త కొడుకు, పెళ్లయ్యాకా బావా అనే పిలుస్తాను. బజార్లో అద్దె కొట్టు పెట్టుకుని మోటార్లకు వైండింగ్ చేసేవాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక ఆ కొట్టు ఖాళీ చేశాం. అప్పట్నుంచీ మంచం మీద కూర్చుని "సెయ్యి వస్తాది, అప్పుడు సూద్దాం" అనడం తప్ప ఇంకో మాట లేదు. డాక్టరు మాత్రం వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. ఆ ఎదురుచూపు చూస్తుంటే నాకు ఒళ్లు మండేది, వెంటనే ఏడుపూ వచ్చేది. ఒక చెయ్యి ఉంది కదా, దాంతోనే చిన్నాచితకా రిపేర్లు చేసుకుంటే మళ్లీ మనిషవుతాడని ఇంటి దగ్గరే షెడ్డు వేయించాను.

మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. డ్రిల్లింగ్ మిషన్‌కి మీటరు దగ్గర్నుంచి విడిగా లావు వైరు లాగాలన్నాడు. మిషను లైను ట్రిప్పయినా చీకట్లో పడకుండా లైట్లూ ఫ్యానూ వేరే లైను మీద ఉండాలన్నాడు. బయట గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తింగ్ ఇవ్వాలన్నాడు.

"గోడ కొట్టి పైపులు దించీసినాక మరి మార్సలేం. బోర్డులెక్కడెయ్యాలో నువ్వే సెప్పప్పా" అన్నాడు నాతో.

బల్ల ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. కుడి చెయ్యి ఒళ్లో పెట్టేసుకుని, ఎడం చేత్తో ఏవి అందుతాయో చూసుకుంటూ గీశాను. మెయిన్ స్విచ్చు, ప్లగ్గులు, మోటార్లు పరీక్షించే బల్బు బోర్డు, అన్నీ ఎడం పక్కే. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అంతలో మా బావ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పని చేసినన్నాళ్లూ, కరెంటున్న తీగ ముట్టాల్సి వస్తే అతను ఎడం చెయ్యి వీపు వెనక దాచుకునేవాడు. కరెంటు మీదికి కుడి చెయ్యే పోవాలి, ఎడం చేతికి తగిలితే సూటిగా గుండెకే పోతుందని అందరికీ చెప్పేవాడు. ఇప్పుడు గోడ మీది సుద్దగీతలకేసి చూశాడు.

"ఏటిది? అన్నీ ఎడం పక్కకే గీసినావు?"

"అందుతాయని, బావా."

"కుడి సెయ్యి రాదని డాక్టరు సెప్పీసినాడేటి?"

"లేదు."

"మరి నువ్వెలా సెప్పీసినావే?"

ఎలక్ట్రీషియన్ తల వంచుకుని టేపు చుట్టుకుంటున్నాడు.

"సెరిపేసి కుడి పక్కన గీసేస్తాను, ఎంతసేపు బావా" అన్నాను. కళ్లనీళ్లు ఆగలేదు.

బావ వద్దన్నట్టు తలూపాడు. "ఒరే, గోడ కొట్టీయరా" అని ఎలక్ట్రీషియన్‌తో చెప్పి ఇంట్లోకి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఎడం గోడ నిండా గాళ్లు పడ్డాయి, వాటిలోకి పైపులు దిగాయి.

వేళ్లకి బలం రావాలని ఆసుపత్రిలో ఒక రబ్బరు బంతి ఇచ్చారు. రోజూ పొద్దున్న లేస్తూనే అడిగి తీసుకుని పిసకడానికి తంటాలు పడేవాడు. మర్నాడు అడగలేదు. నేనే తీసుకెళ్లి అతని కుడి అరచేతిలో పెట్టాను. బంతి జారి మంచం కిందికి పోయింది. వంగి తీయబోతే ఆపాడు.

"ఇంకెందుకే అది? గోడ కొట్టీసినారు గదా."