కిటికీ మీది రొట్టె బిళ్ల

మా వీధి మొగలో మొక్కజొన్న కంకులు కాల్చే బొగ్గుల వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఆ వెంటనే నర్సయ్యన్న గుర్తొస్తాడు.

డెబ్బైల చివర్లో గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక కంపెనీ క్యాంపులో నేను వడ్రంగిని. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నర్సయ్యన్న మేస్త్రీ పని చేస్తూనే, మేమంతా కలిసి పెట్టుకున్న సహకార దుకాణం చూసుకునేవాడు. రొట్టెకు మాకు బిళ్లలుండేవి. మొదట్లో అట్టముక్కలు, చెమటకు నాని చిరిగిపోయేవి. తర్వాత వర్క్‌షాపులో మిగిలిన అల్యూమినియం రేకును గుండ్రంగా కోయించి ముద్ర కొట్టించాడు. జీతం రోజున బిళ్లలు కొనుక్కుని, రోజూ తెల్లారకముందే గదికొకటి కిటికీ మీద పెట్టాలి. ఆయన బిళ్ల తీసుకుని, వేడి ఖుబ్బూస్ రొట్టెలు పెట్టి వెళ్లేవాడు. ఆ వేళకు నేను బయట మోకరించి ప్రార్థిస్తుండేవాణ్ణి. "పాస్టరయ్యా, మా అందరిది గూడ చెప్పు. నీ దేవునికి తెలుగు ఒస్తదా, అరబ్బీల చెప్పాల్నా?" అని వేళాకోళంగా నవ్వేవాడు.

ఒక చలికాలపు శుక్రవారం చివరి గది కిటికీ మీద బిళ్ల లేదు. ఆ గదిలో నిజామాబాద్ కుర్రాళ్లు ముగ్గురుండేవారు.

"సెలవు కదన్నా, పడుకునుంటారు" అన్నాను.

"సెలవైతే ఆకలి గాదా?" అంటూ తలుపు బాదాడు. పలుకు లేదు. సందులోంచి బొగ్గుల వాసన వచ్చింది. చలికి కుంపటి పెట్టుకుని తలుపు, కిటికీ బిగించుకున్నారని, ఆ పొగకు స్పృహ తప్పి ఉంటారని అర్థమైంది. తలుపు విరగ్గొడితే ముదీర్, అదే మా మేనేజరు, పనిలోంచి తీసి ఇంటికి పంపేస్తాడు. లోపల శవాలుంటే పోలీసులు. చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను.

"కండ్లు తెరువ్ తమ్మీ! మొక్కుకుంటనే గడ్డపార తే. యల్లా, జల్ది!"

తలుపు ఊడింది. ముగ్గుర్నీ ఇసుకలోకి ఈడ్చుకొచ్చాం. ఇద్దరు దగ్గారు. మూడోవాడు గంగారాం మాత్రం కదల్లేదు. ప్రభువా, ప్రభువా అంటూ నేను అతని ఛాతీ రుద్దుతున్నాను. నర్సయ్యన్న అతని చెంపలు వాయిస్తూ, "లేవురా, మీ అమ్మకు నేనేం జెప్పాలె?" అని ఏడుస్తున్నాడు. చివరికి గంగారాం గట్టిగా ఊపిరి లాగి వాంతి చేసుకున్నాడు.

నర్సయ్యన్న ఇసుకలో కూలబడ్డాడు. "ఖలాస్, గండం గడిసింది. బతికిండు. ఇగ ముదీర్ సంగతి నువ్వూ నీ దేవుడూ చూస్కోండ్రి."

తలుపు ఖరీదు మా జీతాల్లో కోశారు, అంతే.

ఎనభైల్లో క్యాంపు చుట్టూ కిరాణా కొట్లు వచ్చి, బిళ్లలు ఆగిపోయాయి. నర్సయ్యన్న మాత్రం ఖాళీ చేతులతోనే రోజూ గదులన్నీ పలకరించి వచ్చేవాడు.

ఇప్పుడు ఆదివారం మా మందిరంలో ఎప్పుడూ వచ్చేవాళ్ల చోటు ఖాళీగా కనిపిస్తే, ఆరాధన మధ్యలోనే లేచి వాళ్లింటికి వెళ్తాను. పెద్దలు గొణుగుతారు. దారంతా ప్రార్థిస్తూనే నడుస్తాను. ఆ ఇంటి తలుపు తెరుచుకునేదాకా భయం వదలదు. వదిలించమని నేనెప్పుడూ ప్రభువును అడగలేదు.