తలకట్టు లేని అక్షరాలు

నేను డైరీ తెలుగులోనే రాస్తాను, కాని కన్నడ అక్షరాలతో. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా రాయచెర్లు కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉంది; ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్పేది కన్నడం. తెలుగు అక్షరాలు నాకు పావగడ బస్టాండులో ఆంధ్ర బస్సుల బోర్డులు చూసి, బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు చదివి వచ్చాయి. తర్వాత దొరికిన తెలుగు పుస్తకమల్లా చదివాను. అక్షరాలు కంటికి వచ్చాయి గాని చేతికి రాలేదు. 'క' మీద, 'న' మీద టిక్కు కొట్టినట్టు ఉండే తలకట్టు పెట్టాలని తెలుసు. పెన్ను పట్టుకుంటే మాత్రం వేళ్ళు కన్నడపు అడ్డగీతే గీస్తాయి. ఫోన్లో ఆ బాధ లేదు, తలకట్టు అదే పెడుతుంది. ఇది కూడా ఫోన్లోనే రాస్తున్నాను.

కథలు రాయడం నేర్పే టీచరు కావాలని నా కోరిక. ఆ మాట ఒకసారి అమ్మతో అంటే నవ్వింది.

"కథలు నేర్పేదేందే? కథలు ఎవురికి రావు? మా గడ్డికోత గుంపులోకి రా, పొద్దుగూకేదాకా చెప్తానే ఉంటారు."

అమ్మ మా ఊరి చేలల్లో కరెంటు కోసం పెట్టిన సోలార్ ప్లేట్ల వరసల మధ్య గడ్డి కోసే పనికి పోతుంది. నవ్వినా, ఆదివారం మా వాకిట్లో నలుగురు ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని కథలు రాయిస్తుంటే ఏమీ అనేది కాదు. ఆ పిల్లలకు నేను చెప్పింది ఒకటే: మీ ఇంట్లో మాట ఎట్లా ఉంటే అట్లాగే రాయండి, మీకు వచ్చిన అక్షరాలతో రాయండి. వాళ్ళకు వచ్చినవి కన్నడ అక్షరాలే. పిల్లలు కదా అని దయతలచి ఇచ్చిన సలహాలాగా చెప్పాను గాని, నేనూ అట్లాగే రాస్తానని చెప్పలేదు.

పోయిన నెలలో సరిహద్దు అవతల, ఆంధ్రాలో ఒక ప్రైవేటు బడికి తెలుగులో కథలు రాయించే టీచరు కావాలని తెలిసింది. ఫోన్లో రాసిన రెండు కథలు పంపాను. బాగున్నాయి, వచ్చి ఒక డెమో క్లాసు చెప్పమన్నారు. నేనింకా బస్సెక్కక ముందే, నాకు టీచరు పని వచ్చిందని అమ్మ గుంపులో అందరికీ చెప్పేసింది.

ఆరో తరగతి. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మేడం, తెలుగు సారు. బోర్డు మీద రాయకుండా గడిపేయాలని ముందే అనుకుని వచ్చాను. "వాన వస్తే మీ ఇంట్లో మొదట ఏం వినబడుతుంది?" అని అడిగాను. ఉరుము అన్నారు, రేకుల చప్పుడు అన్నారు. కిటికీ పక్క పిల్లవాడు లేచాడు.

"మా అవ్వ తిట్లు మిస్!"

"ఏమని తిడుతుంది?"

"గుడ్డలు తియ్యండే దరిద్రుల్లారా, నా చీర తడిస్తే మీ తాతొచ్చి పిండతాడా, అని. మా తాత చచ్చిపోయినాడు మిస్."

క్లాసంతా గొల్లుమంది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఇదే కథ మొదటి వాక్యం అని సుద్దముక్క తీసుకుని గబగబా రాసేశాను. తిరిగి చూసేసరికి నవ్వు ఆగిపోయి ఉంది. తర్వాత వేరే రకం నవ్వు మొదలైంది.

"మిస్, అక్షరాలకు తలకట్టు లేదు!"

"గుండు కొట్టించినారు రా!"

"తిరపతికి పొయ్యొచ్చినాయి మిస్!"

బోర్డు మీద ఒక్క తలకట్టు లేదు. తెలుగు సారు మెల్లగా అన్నాడు: "అది కన్నడం కదమ్మా." డస్టరు పక్కనే ఉంది. నేను మాత్రం అరచేత్తో తుడిచాను. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మిగతా క్లాసంతా వీపు వెనక దాచుకుని చెప్పాను.

ఆఫీసు గదిలో ప్రిన్సిపాల్ మేడం నీళ్ళు ఇచ్చింది. కోపంగా లేదు.

"మీరు పంపిన కథలు ఎవరు రాసినారమ్మా?"

"నేనే మేడం. ఫోన్లో."

"ఫోన్లో సరే. రాసింది ఎవరు?"

ఒక కాగితం ఇవ్వండి, ఇక్కడే రాసి చూపిస్తాను అని ఉంటే సరిపోయేది. కాగితం మీద మళ్ళీ అవే గుండు అక్షరాలు వస్తాయని భయం. కన్నడ అక్షరాల్లో రాస్తాను, మీకు చదివి వినిపిస్తాను అనైనా అనొచ్చు. తల దించుకున్నాను. ఆ మౌనాన్ని ఆమె ఒప్పుకోలుగా తీసుకుందని నాకు తెలుస్తూనే ఉంది. "పిల్లోళ్ళు ఈమె దగ్గర బాగా మాట్లాడినారు మేడం" అని పక్కనే నిలబడ్డ తెలుగు సారు అందుకున్నాడు. ఆమె గడియారం చూసి, "చెప్తాంలేమ్మా" అంది. నా కథలు నావి కాకుండా పోతుంటే నేను గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ కొడవలి గోడకు తగిలిస్తోంది.

"ఏమన్న్యారే?"

"చెప్తామన్న్యారు."

"అంటే అయినట్లేనా?"

"ఏమో మా."

మర్నాడు మా వాకిలి ముందు పోతూ గుంపులో ఒకామె, "ఏం టీచరమ్మా, మాకు నేర్పవా?" అని అరిచింది. నేను తలుపు చాటుకు జరిగాను. అమ్మే ఆమెకు ఏదో సర్దిచెప్పి తీసుకుపోయింది.

ఆదివారం పిల్లలు మామూలుగానే వచ్చారు. పక్క వీధి పిల్ల, ఏడో తరగతి, వాళ్ళ తాత గురించి రాసుకొచ్చింది. వాళ్ళ చేను సోలారుకు పోయాక ఎద్దులను అమ్మేశారు. ఎద్దులు లేకపోయినా వాటిని తోలిన ములుకర్రను తాత వదలడు. పొద్దున్నే కంచె దాకా పోయి, కర్రతో కంచెను ఒకసారి పొడిచి, "నడువు" అని, వెనక్కి వస్తాడు. ఇంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. పోయిన వారమైతే ఆ పిల్లను ఎత్తుకుని తిప్పి ఉండేదాన్ని. ఇప్పుడు నా కళ్ళు ముందు తాతను చూడలేదు, అక్షరాలను చూశాయి. అన్నీ గుండ్లే.

"ఇట్ల రాయకూడదు" అన్నాను.

"ఎట్ల అక్కా?"

"తెలుగును కన్నడ అక్షరాలతో రాయకూడదు. కన్నడంలోనే రాయి, బళ్ళో రాసినట్లు."

"కన్నడంలో రాస్తే మా తాత మాట్లాడినట్లు ఉండదు కదక్కా."

"అయితే తెలుగు అక్షరాలు నేర్చుకుని రాయి. ఇది తప్పు."

నా గొంతులో ప్రిన్సిపాల్ మేడం గొంతు వినబడింది. ఆమె కూడా ఇంత కటువుగా మాట్లాడలేదు. మిగతా ముగ్గురూ తమ కాగితాలను మెల్లగా ఒళ్ళోకి లాక్కున్నారు. ఆ పిల్ల మాత్రం దాచుకోలేదు. కాగితం నా ముందే ఉంచి, నిజంగా తెలుసుకోవాలనే నా మొహంలోకి చూసి అడిగింది.

"మరి నువ్వెట్ల రాస్తావక్కా?"