చిన్నమ్మ కార్డులో అమ్మ ఫోటో

మా చిన్నమ్మ రేషన్ కార్డు ఫోటోలో చిన్నాయన పక్కన కూర్చున్నది మా అమ్మ. తప్పుగా అనుకోకండి. పెద్దమందడి చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజుల్లో ఇదేమీ వింత కాదు. తెల్లకార్డులకు కుటుంబం ఫోటోలు తీసిన వారం చిన్నమ్మ పుణేలో మట్టిపనిలో ఉంది. చిన్నాయన జ్వరంతో ఊళ్లోనే ఆగిపోయాడు. కార్డు ఆడమనిషి పేరు మీదే ఇస్తారాయె, ఆమె లేకుంటే ఎలా? మా అమ్మ నెత్తిన కొంగు కప్పుకుని చెల్లెలి చోట కూర్చుంది. పేరు చిన్నమ్మది, మొహం అమ్మది. ఏళ్ల తరబడి బియ్యం వచ్చాయి, ఎవరూ అడగలేదు.

పేదలకు పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేయించే బీమా మా పాలమూరుకు వచ్చిన కొత్తలో చిన్నమ్మకు జబ్బు ముదిరింది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేది. వనపర్తి వైద్య శిబిరంలో డాక్టరు చూసి, గుండెలో కవాటం పాడైందని, ఆలస్యం చేస్తే బతకదని మొహం మీదే చెప్పాడు. "తెల్లకార్డు ఉందిగా, భయం లేదు. హైదరాబాదులో బీమా కింద చేస్తారు" అన్నాడు. నేనప్పుడు వనపర్తిలో డిగ్రీ చదువుతున్నాను. నా అంత తెలివైనది జిల్లాలో లేదని నా నమ్మకం. అందరికంటే ముందు కార్డు పట్టుకుని బీమా బల్ల దగ్గరికి నడిచాను.

బల్ల వెనక అమ్మాయి కార్డు చూసి, మా అమ్మ వైపు తిరిగి, "పేషెంట్ మీరేనా? కూర్చోండి" అంది.

"ఈమె కాదు మేడం, ఈమె" అని చిన్నమ్మను ముందుకు తెచ్చాను. ఫోటోలో నిండు బుగ్గల మనిషి, ఎదురుగా ఎముకల గూడు. "జబ్బు చేసి చిక్కిపోయింది మేడం" అన్నాను. ఎంత చక్కగా అబద్ధమాడానో! ఆ అమ్మాయి అయ్యో పాపం అంటూ కలం కూడా తీసింది.

"ఆగు బిడ్డా, రాయకు" అంది అమ్మ. "గా ఫోటోల ఉన్నది నేను. రోగం దీనిది."

నాకు ఒళ్లు మండిపోయింది. "జరసేపు సప్పుడు జెయ్యకుండ ఉండరాదా అమ్మా!"

"పట్నం పోయినంక దవాఖానల మొఖం వేరే ఉన్నదని వాపస్ పంపితే ఏం జేస్తవే? నీ తెలివి తగలెయ్య!"

వరుసలో జనం గొల్లున నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వబోయి, ఆయాసమొచ్చి నేల మీద కూలబడింది. "కార్డు సరిచేయించుకు రండి, వెంటనే పంపిస్తాం" అంది ఆ అమ్మాయి.

మర్నాడు మండలాఫీసుకు పోతూ దారిపొడవునా అమ్మతో మాట్లాడలేదు. తప్పు ఒప్పుకుంటే రెండిళ్ల కార్డులూ రద్దవుతాయని నా భయం. అదే జరిగితే చిన్నమ్మ మాకు దక్కదు.

ఆఫీసరు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. "రెండిండ్లల్ల నువ్వే ఉన్నవేందమ్మా?"

"తప్పయింది సారూ. నా కార్డు కొట్టేస్తే కొట్టెయ్, అంబలి తాగి బతుకుతం. దాని కార్డు మాత్రం జర జల్ది జెయ్యి. దానికి టైం లేదు." అంది అమ్మ.

ఆయన ఊరి పెద్దలతో వాంగ్మూలం రాయించి, చిన్నమ్మకు కొత్త ఫోటో తీయించాడు. అమ్మ కార్డు ఆమె చేతికే తిరిగి ఇచ్చి, "ఇంకోపారి గిట్ల చెయ్యకు" అన్నాడు. నా తెలివి మీద నాకే సిగ్గేసింది.

నెల తిరగకముందే ఆపరేషన్ అయింది. కొత్త కవాటం టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుందని నర్సు చెబితే అమ్మ నమ్మలేదు. కుట్లకు తగలకుండా వంగి, చెల్లెలి ఛాతీ దగ్గర చెవి పెట్టింది.

"అందరు చూస్తుండ్రక్కా, జరుగు" అని విసుక్కుంది చిన్నమ్మ.

అమ్మ జరగలేదు. కళ్లు మూసుకుని, "ఉండవే, జరసేపు ఇననియ్యి" అంది.