అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే ఇంగ్లీషు

ఇన్నేళ్లుగా ఒక జోకును లోపల మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా నోట్లో జోకు ఆగిందంటే మా బజారులో ఎవరూ నమ్మరు. చనిపోయినవాళ్ల దినాలకు పిలిచినా ఇద్దరిని నవ్వించి వచ్చే బాపతు నేను. ఇది మాత్రం చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నా ముఖం మీకు కనబడదు. అందుకే మీకు చెబుతున్నాను.

సూర్యాపేటలో నాది మొబైల్ దుకాణం. రీచార్జులు చేయడం, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి అదే పెద్ద కొలువు. ఒకరోజు కోదాడ నుంచి ఒక మేడమ్ వచ్చింది. కోదాడ రోడ్డు మీది ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు వచ్చేవి. వాళ్ల పిల్లలకు ఫోన్లో ఇంగ్లీషు నేర్పుతానంది. ఆమె రికార్డు చేసిన పాఠాలను ఫోన్లలోకి ఎక్కించడం, వారానికోసారి బట్టీకి పోయి ఛార్జింగ్ ఉన్న బ్యాటరీలు వేసి రావడం నా పని.

ఆ పిల్లల్లో సుకాంతి ఒకతి. పదేళ్లుంటాయేమో. ఆ ఏడే మొదటిసారి వచ్చింది, తెలుగు ముక్క రాదు. ఆమె హిందీ కొంచెం, నా సూర్యాపేట హిందీ కొంచెం, మిగిలినదంతా చేతులతో. ఫోన్ చెవికి ఆనించుకుని ఎండలో పచ్చి ఇటుకలు తిప్పేది. పేరడిగితే పేరు, హౌ ఆర్ యూ అంటే ఐ యామ్ ఫైన్, అన్నీ గలగలా చెప్పేది. మిర్యాలగూడలో హాస్టల్ ఉన్న ఒక ఇంగ్లీషు మీడియం బడి, బట్టీ పిల్లల్లో ఒకరికి ఉచితంగా సీటిస్తానంది. ఆ సీటు దొరికితే ఇటుకలు మోసే బతుకు తప్పినట్టే. మేడమ్ సుకాంతినే ఎంచింది.

సీటిచ్చే ముందు బడి పెద్దసారు పిల్లను ప్రశ్నలడిగి చూస్తాడట. దానికి వారం ముందు ఆ పిల్ల నన్నడిగింది, సార్ అడిగేది అర్థం కాకపోతే ఇంగ్లీషులో ఏమనాలి భయ్యా అని.

ఫోన్ తీసుకుని నా గొంతుతో రికార్డు చేసి ఇచ్చాను. "నాకేం రాదు సార్." అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే ఇంగ్లీషు ఇది అన్నాను. తెలుగేదో ఇంగ్లీషేదో ఆమెకు తేడా తెలియదు కదా! పక్కనున్న ట్రాక్టర్ డ్రైవర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కొత్త మాట దొరికిందని.

ఆ మాటే ఎందుకొచ్చింది నా నోటికి? ఏడో తరగతిలో ఇంగ్లీషు సారు లేపి నిలబెడితే నేనన్న మాట అది. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి బడికి పోలేదు. నవ్వించడం మాత్రం మానలేదు. సుకాంతి ఫోన్లో ఆ రికార్డును తర్వాత చెరిపేద్దామనుకున్నాను, మరిచిపోయాను. నిజంగా మరిచిపోయానా? లేక, ఇంకో నలుగురి ముందు ఆ మాట అనిపించి నవ్వుదామని వదిలేశానా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు మేడమ్ నన్నూ వెంట తీసుకుపోయింది. మిర్యాలగూడ బడి దగ్గర వాచ్‌మన్ సుకాంతి నాయనను లోపలికి రానివ్వలేదు. మేడమ్ అతనితో వాదిస్తూ గేటు దగ్గరే ఉండిపోయింది. పిల్లను లోపలికి తీసుకుపోయింది నేనే.

"ఏం సదువుకున్నవ్ బిడ్డా?" పెద్దసారు తెలుగులోనే అడిగాడు.

అదీ ఇంగ్లీషే అనుకుంది సుకాంతి. చేతులు కట్టుకుని, గడ్డం ఎత్తి, "నాకేం రాదు సార్" అంది.

"ఇంగ్లీష్ జర్రంతన్న వస్తదా?"

"నాకేం రాదు సార్."

ఎవరూ నవ్వలేదు. పెద్దసారు నా వైపు తిరిగి, "అబద్ధమాడుతలేదు పాపం" అన్నాడు. ఇంకో బట్టీ నుంచి వచ్చిన పిల్లను పిలవమన్నాడు. ఒక్క మాట చాలు అప్పుడు. నోరే ఆస్తిగా బతికినవాడికి నోరు రాలేదు.

బయట మేడమ్ ముఖం వాడిపోయింది. "అదేంటి తమ్ముడూ, అన్నీ గలగలా చెప్పే పిల్ల! లోపల ఏమైంది?"

"భయపడ్డట్టున్నది మేడమ్. చిన్నపిల్ల గద."

"నువ్వన్నా కాస్త ధైర్యం చెప్పకపోయావా?"

"చెప్పిన మేడమ్."

బస్సులో సుకాంతి నా చొక్కా లాగింది. "ఠీక్ బోలీ నా, భయ్యా?" సరిగ్గానే చెప్పాను కదా అని.

"ఠీక్" అన్నాను.

వానలకు ముందే వాళ్లు తమ ఊరికి వెళ్లిపోయారు. మరుసటేడు వచ్చినవాళ్లలో ఆమె లేదు. నా గొంతును ఆ ఫోన్లోంచి చెరిపేశాను. దుకాణంలో జనం ఉన్నంతసేపు ఏమీ ఉండదు. ఒక్కడినే మిగిలినప్పుడు వినబడుతుంది, ఒకసారి నా గొంతుతో, ఒకసారి ఆమె గొంతుతో.

ఆమెకు ఎప్పుడైనా తెలుగు వచ్చి ఉంటుందా? రాకుంటే బాగుండుననుకుంటాను. వస్తే ఆ మాటకు అర్థం తెలుస్తుంది. ఒక పిల్లకు ఒక భాష రాకూడదని కోరుకునేవాడిని ఏమనాలి?

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ గదిలో అనాల్సింది ఇప్పుడంటున్నాను, అంతే. సార్, ఆ మాట ఆ పిల్లది కాదు. నాది.